గోపమ్మ గోలెంలో గుర్రపుడెక్క

మా ఊళ్లో గోపమ్మ నోటికి జడవని మనిషి లేడు. ఆమె గురించి మంచి చెప్పడానికే కూర్చున్నాను కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పొద్దున్నే దొడ్డి తడిక తీసిందంటే ఆమె గొర్రెలను తిట్టే తిట్లు మా వాకిట్లోకి వినబడతాయి. మందలో మొండి పొట్టేలు ఏదుంటే దానికి అప్పటి సర్పంచు పేరు పెడుతుంది. ఎలక్షన్లయి సర్పంచు మారితే పొట్టేలు పేరూ మారుతుంది. ఒకసారి ఆమె ఆ పొట్టేలును పేరు పెట్టి అదిలిస్తుంటే, అటుగా పోతున్న అసలు సర్పంచు తల వంచుకొని బండి వేగం పెంచాడు. నేను కళ్లారా చూశాను.

వాళ్లు గొల్లలు, మేము చేపలు పట్టేవాళ్లం. మా ఆయన లింగస్వామి ఆమెను అక్కా అంటాడు కాబట్టి నాకు వదిన. నోటి వరుసే అయినా, రక్తం పంచుకున్న వాళ్లు కూడా నాకు అంత చేయలేదు. నా పెద్దబిడ్డ హారిక పుట్టినప్పుడు నాకు పాలు పడలేదు. మా అత్త నూరు మందులు చెప్పింది, మా అమ్మ నూరు మొక్కులు మొక్కింది. గోపమ్మ మాత్రం రోజూ చెంబుతో మేకపాలు తెచ్చి గడప మీద పెట్టి, బిడ్డను కని ఎండబెడుతున్నావని నన్ను నాలుగు తిట్టి పోయేది. బిడ్డ బోర్లా పడేదాకా ఒక్క రోజు మానలేదు. ఆ తిట్లు వింటూనే నాకు ధైర్యం వచ్చేది.

మా ఊరు కొత్తకోట నుంచి ఆత్మకూర్ వైపు పోయే దారి విడిచి లోపలికి, మిట్ట మీద ఉంటుంది. ఆటో ఎక్కితే కృష్ణ ఎంతో దూరం కాదు. అయినా ఆ నీళ్లు మాకు రావు. కాలువ కింది ఊళ్లకు పోయింది. తెలంగాణ వచ్చాక మా చెరువు పూడిక తీశారు, కట్ట గట్టి చేశారు, తూము బాగు చేశారు. నీళ్లు మాత్రం వానే ఇవ్వాలి. ఆ చెరువు మీదే మా మగవాళ్ల సంఘం చేపలు పట్టుకుంటుంది. నేను వాటిని గంపలో పెట్టుకొని కొత్తకోటలో పెద్ద రోడ్డు పక్కన అమ్ముతాను. గోపమ్మ మంద కూడా ఆ చెరువు నీళ్లే తాగేది. ఆమె పెనిమిటి మల్లప్ప మోకాళ్లు అరిగి దొడ్డి దాటి రాలేడు. మందను మేపడం, కాయడం, నీళ్లకు తోలడం అంతా ఆమె ఒక్కతే.

ఎండాకాలం మా చెరువు అడుగంటగానే మగవాళ్లు కృష్ణ మీది జూరాల డ్యాం వెనక నీళ్లలో కూలికి వేటకు పోతారు. పోయేటప్పుడు ఎవరి తెప్ప వాళ్లు ట్రాలీ ఆటోలో వేసుకుపోతారు. మా మామ కాలంలో ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకొని ఈదేవాళ్లు. ఇప్పుడు అందరివీ థర్మాకోల్ తెప్పలే. దానికి పైసా ఖర్చు లేదు. వరద తగ్గాక కృష్ణ ఒడ్డున ఏం దొరకదు చెప్పండి? నీళ్ల సీసాలు, తెగిన చెప్పులు, గుట్కా పొట్లాలు, చేపల పెట్టెల థర్మాకోల్ ముక్కలు, అన్నీ అలల మీద తేలి వచ్చి ఒక మూలకు చేరతాయి. వాటిలో పెద్ద ముక్కలు ఏరి, తాడుతో బిగించి, పొట్టు రాలకుండా పైన పాత వల చుట్టుకుంటారు. దాని మీద కూర్చొని చేతులతో తోసుకుంటూ వల వేస్తారు. ఊరంతా పారేసిన చెత్త మా పొయ్యి వెలిగిస్తోందని మా ఆయన నవ్వేవాడు.

మా ఇంటి ఆచారం ఒకటుంది. కృష్ణ నుంచి వచ్చిన తెప్పను కడగరు. ఆ ఒండ్రుతోనే పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మా చెరువులో దింపుతారు. ఎలాగూ కాలువ రాలేదు, కృష్ణమ్మను మనమే ఇంత తెచ్చి కలుపుకుందామని మా మామ పెట్టిన పద్ధతి. ఊళ్లో మిగతావాళ్లకు ఆ పట్టింపు లేదు, ఏ బావి కాడనో కడిగేవాళ్లు. మా ఆయన మాత్రం తెప్ప మీద నీటి చుక్క పడనిచ్చేవాడు కాదు. ఆ రోజు ఆయన ముఖంలో వెలుగు చూస్తే నాకూ ముచ్చటేసేది. తండ్రి మాట నిలబెడుతున్నానని ఆయన సంతోషం.

కరోనా ఏడు వానలకు చెరువు నిండింది. ఆ వానాకాలమే తెప్పలు దింపే చోట గుండ్రటి ఆకుల మొక్కలు గుప్పెడు కనిపించాయి. కాడలు ఉబ్బి ఉన్నాయి, వంకాయపూవు రంగు పూలు. మేము ఆడవాళ్లం ముచ్చటపడి కొప్పుల్లో పెట్టుకున్నాం. గుర్రపుడెక్క అంటారని, చెరువును మింగేస్తుందని ఎవరో చెబితే నవ్వాం. మరుసటి వానాకాలానికి సగం చెరువు పచ్చటి బీడైపోయింది. వలలు వేస్తే చేపలకు బదులు వేర్లు వచ్చేవి. నీళ్లకు గాలి ఆడక పొద్దున్నే చేపలు నోళ్లు తెరుచుకొని పైకి తేలేవి. చచ్చిన చేపను గంపలో పెట్టుకొని రోడ్డు మీద కూర్చోలేను కదా. ఖాళీ గంపతో ఇంటికి వచ్చిన రోజులు లెక్కలేనన్ని.

సంఘం కట్ట మీద కూర్చుంది. పెద్దమనిషి దుర్గయ్య. ఇది మన చెరువులో పుట్టింది కాదు, ఎవరో తెచ్చి పెట్టిందని అందరూ ఒప్పుకున్నారు. మరి ఎవరు? డెక్క కనిపించడానికి ముందటి ఎండాకాలం గోపమ్మ మందను మేతకు కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయింది. గొర్రెల ఉన్నికి అంటుకొని వచ్చిందని ఒకరన్నారు. అందరికంటే గట్టిగా ఔనన్నది మా ఆయనే. గొల్లవాళ్లకూ మాకూ నీళ్ల కాడ ఎప్పుడూ ఉండే కసే అది. గొర్రెలు నీళ్లు బురద చేస్తాయని మేము, వలలకు కాళ్లు చిక్కుకుంటాయని వాళ్లు.

గోపమ్మ వచ్చి తన గొర్రెలు ఒడ్డు మీద గడ్డి మేశాయే తప్ప నీళ్లలో దిగలేదని చెప్పింది. అరిచింది, తిట్టింది, చివరికి బతిమాలింది. ఆమె బతిమాలడం నేను చూసింది అదొక్కసారే. డెక్క పోయేదాకా మంద చెరువులోకి దిగరాదని సంఘం తీర్పు చెప్పింది. ఆ మాటకు ఆమె చేతికర్ర ఎత్తి మందను మళ్లించుకొని పోయింది.

ఆ తర్వాతి ఎండాకాలం ఆమె పడ్డ పాట్లు ఊరంతా చూసింది. గొర్రెలు తాగడానికి దొడ్డి ముందు సిమెంటు గోలెం, అంటే పెద్ద తొట్టి, వేయించుకుంది. పక్క చేను రైతు తన బోరు నుంచి నీళ్లు వదులుతానన్నాడు, బదులుగా రాత్రిళ్లు మంద ఆయన చేలోనే పండాలన్నాడు. మామూలుగా అయితే ఎరువు కోసం మంద పండితే రైతే గింజలిస్తాడు. అదంతా పోయింది. కరెంటు ఉన్నప్పుడే బోరు, బోరు ఉన్నప్పుడే నీళ్లు. కరెంటు పోయిన రోజు గొర్రెలు ఖాళీ గోలెం చుట్టూ నిలబడి అరుస్తుంటే మా ఇంట్లో నాకు ముద్ద దిగేది కాదు. రెండో ఎండాకాలం మొదట్లోనే బోరు సన్నగిల్లింది. ఇక మందను నిలుపుకోలేనని, పెబ్బేరు సంతకు తోలేస్తానని గోపమ్మ మల్లప్పతో అనడం విన్నాను. గొల్ల మనిషి మంద మొత్తం అమ్ముకుందంటే ఆమెకు ఇక పొద్దు ఎందుకు పొడవాలి?

సంత ఇంకో వారం ఉందనగా, మా ఆయన ఇంట్లో లేని పూట గోపమ్మ బకెట్ మీద గుడ్డ కప్పి తెచ్చింది. ఎప్పుడూ వాకిట్లో నుంచే కేకలేసే మనిషి నేరుగా లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. గుడ్డ తీస్తే లోపల వల చుట్టిన థర్మాకోల్ ముక్క, దాని మడతలో వేళ్లూనుకొని మూడు నాలుగు గుర్రపుడెక్క పిల్లలు. ఒకదానికి పువ్వు కూడా వచ్చింది. వల సందుల్లో నేను ఎన్నడూ చూడని చిన్న చిన్న నత్తలు.

"గిది నా గోలెంల మొలిచింది," అంది.

ఆ ముక్కను నేను చూడగానే గుర్తుపట్టాను. మా ఆయన పాత తెప్పది. ఆ తెప్ప కిందటేడు కృష్ణలోనే విరిగింది. విరిగిన చెత్తను ఇంటికెందుకు మోసుకొచ్చావని నేను దెప్పితే, ఆటోలోంచి దించినది దించినట్టు కంచె అవతల పడేశాడు. అది మా చెరువు ముఖం చూడలేదు. గోపమ్మ దాన్ని తీసుకుపోయి ఈ ఎండాకాలం గోలెంలో వేసింది. తేనెటీగలు, ఉడుతలు నీళ్లకు వచ్చి మునిగి చస్తున్నాయట, వాటికి కూర్చోవడానికి ఇంత ఆధారం ఉంటుందని. గొర్రెలు థర్మాకోల్ కొరుకుతాయని వల కూడా విప్పలేదు. కిందటేడంతా ఆ గోలెం తేటగా ఉంది. మంద చెరువులో దిగి ఏడాది దాటింది, కృష్ణకు పోక ఇంకా ఎక్కువైంది. బోరు నీళ్లలో డెక్క పుట్టదు. ఇక ఆమె నోరు విప్పి చెప్పాల్సింది ఏమీ మిగల్లేదు. కృష్ణలో తేలే చెత్తను పట్టుకొని బతికిన మొక్కే, ఆ వలలో, ఆ కడగని ఒండ్రులో కూర్చొని మా ఊరికి వచ్చింది.

చేపపిల్లలు వదలడానికి వచ్చిన మత్స్యశాఖ సారుకు తర్వాతెప్పుడో ఈ సంగతి చెబితే ఆయన వింతపడలేదు. సముద్రంలో కూడా అంతేనట. ఒక దేశపు నత్తలు, పీతలు, చిప్పలు తేలే ప్లాస్టిక్ మీద ఎక్కి ఇంకో దేశపు ఒడ్డుకు చేరి, అక్కడి జీవాలకు తిండి లేకుండా చేస్తాయట. కట్టె అయితే నాని మునిగిపోతుంది, ప్లాస్టిక్ మునగదు కాబట్టి ఎంత దూరమైనా మోస్తుందట. విన్నప్పుడు నాకు మా తెప్పే కళ్ల ముందు కనిపించింది.

ఆ పూట మాత్రం నాకు సంఘమే గుర్తొచ్చింది. సంఘం కట్టుబాటు నాకు తెలుసు. చెరువుకు కీడు తెచ్చినవాడు ఏడాదిపాటు నీళ్లలో కాలు పెట్టరాదు. ఈ బకెట్ తీసుకుపోయి కట్ట మీద పెడితే గోపమ్మ మందకు నీళ్లు దొరుకుతాయి, నా ఇంటికి పొయ్యి ఆరిపోతుంది. అది ఆమెకూ తెలుసు. నేను చేతులు జోడించబోతే పట్టుకొని కిందికి దించింది.

"ఊకో పిల్లా. గీ ముచ్చట నీ ఇంట్లనే ఉండని. తెప్పను కడిగి ఎండబెట్టుమని నీ మొగనికి చెప్పు, గంతే. జీవాలను అమ్ముకుంటె ఎవని చేన్లనన్న కూలికి పోత. సంఘం ఎళ్లగొడితె వాడు ఏ చెరువుకు పోతడు?"

అని బకెట్ ఖాళీ చేసుకొని, ఆ ముక్కను నా పొయ్యి దగ్గర పెట్టి వెళ్లిపోయింది. తనను దొంగను చేసిన ఇంటికి వచ్చి, తన నిర్దోషిత్వం రుజువు చేసే ఒక్క వస్తువును నా చేతికే ఇచ్చి పోయింది. ఇలాంటి మనిషిని ఇన్నేళ్లు పక్కింట్లో పెట్టుకొని ఆమె నోరే చూశాను, మనసు చూడలేదు. నేను ఆ పూట ఏడ్చినంత ఎన్నడూ ఏడవలేదు. అవమానానికి కాదు, ఇంత మనిషి నా పక్కన ఉన్నందుకు.

మా ఆయన రాగానే ఉన్నదున్నట్టు చెప్పాను. మొదట గయ్యిమన్నాడు. గొల్లదాని మాటలు పట్టుకొని కృష్ణమ్మను కడుక్కోమంటావా అన్నాడు. నేను ఆ ముక్కను ఆయన ముందు పెట్టాను. కంచం ముందు నుంచి లేచి పోయాడు. తెల్లవారి చూస్తే వాకిట్లో తన కొత్త తెప్పను తలకిందులు చేసి, వల కోసి, దారం దారం విడదీస్తున్నాడు. లోపల పిడికెళ్ల కొద్దీ ఒండ్రు. ఆ ఒండ్రులో నల్లటి గింజలు, వేలిగోరంత ఆకులు. దాన్ని ఇంత అరచేతిలోకి తీసుకున్నాడు.

"నాయిన బుర్రలతోని పొయ్యెటోడు," అన్నాడు. "బుర్రకు వల లేకుండె."

నాకు అంతదాకా ఉన్న కోపమంతా ఆ మాటతో కరిగిపోయింది. నున్నటి సొరకాయ బుర్ర మీద ఎంత ఒండ్రు నిలుస్తుంది? తండ్రి తెచ్చింది వేలితో తుడిచినంత. కొడుకు తండ్రి మాట తప్పలేదు, తెప్ప మారిందన్నది మాత్రం ఎంచుకోలేదు. ఊరికి మేలు చేస్తున్నాననుకొని ఏటేటా పసుపు కుంకుమలతో తెచ్చి దించాడు.

కడిగేస్తే సరిపోతుందని, నోరు మూసుకుంటే ఇల్లు నిలుస్తుందని నేను అనలేదు, ఆయనా అనలేదు. అయినా వారమంతా ఆ మాట మా ఇద్దరి మధ్య తిరుగుతూనే ఉంది. ఆయన తిండి తగ్గించాడు. నేను గోపమ్మ ఎదురుపడకుండా వెనక దారిన పోయేదాన్ని.

సంత రోజు పొద్దున్నే సంఘం కట్ట మీద కూడింది. డెక్క మీద మందు కొట్టిద్దామా, మనుషులను పెట్టి తీయిద్దామా అని మాట్లాడుకుంటున్నారు. పెబ్బేరు పోయే దారి ఆ కట్ట మీదుగానే. అటు నుంచి గోపమ్మ మందను తోలుకొస్తోంది. ఆ రోజు ఆమె ఒక్క గొర్రెను కూడా తిట్టలేదు. అందుకే నేను తల ఎత్తి చూశాను. మల్లప్ప రాలేని కాళ్లతో దొడ్డి దాకా వచ్చి తడిక పట్టుకొని నిలబడ్డాడు.

మంద దగ్గరకు వచ్చేసరికి మా ఆయన లేచి దారికి అడ్డం పోయాడు. అక్కా జర ఆగు అన్నాడు. ఆమె కళ్లతోనే వద్దన్నది, నేను చూశాను. ఆయన ఆగలేదు. దుర్గయ్య వైపు తిరిగి, డెక్క ఆమె గొర్రెల మీద రాలేదని, తన తెప్ప మీద వచ్చిందని చెప్పాడు. కోసిన వలను, అందులోని ఒండ్రును, గోలెంలో మొలిచిన మొక్కను, అన్నీ గంపలోంచి తీసి కట్ట మీద పరిచాడు. తండ్రి పెట్టిన పద్ధతి కూడా దాచలేదు. రెండు ఎండాకాలాలు ఆమెను నీళ్లకు దూరం చేసింది తన నోరేనన్నాడు. చెబుతూ ఎక్కడా ఆగలేదు. పెళ్లయినప్పటి నుంచి నేను ఆయనను చూసి అంత గర్వపడిన రోజు లేదు, అంత భయపడిన రోజూ లేదు.

దుర్గయ్య చెడ్డవాడు కాడు, కానీ కట్టుబాటు దగ్గర తన తమ్ముణ్ణైనా వదలడు. ముందుగా మంద మీది తీర్పు కొట్టేస్తున్నామన్నాడు. తర్వాత, అందరికీ ఉన్న కట్టుబాటే లింగస్వామికీ ఉంటుంది, ఏడాదిపాటు చెరువు ముఖం చూడరాదన్నాడు. మా ఆయన తల ఊపాడు. నాకు కట్ట, చెరువు, మనుషులు అన్నీ మసకబారాయి. ఖాళీ గంప ఒక్కటే కళ్ల ముందు నిలబడింది.

గోపమ్మ కర్ర నేలకు కొట్టింది.

"దుర్గన్నా, నీళ్ల కాడికి రావొద్దు అనే మాట ఎట్లుంటదో గీ ఊర్ల నాకొక్కదానికే ఎరుక. రెండు ఎండకాలాలు మోసిన దాన్ని. మోసినదాన్ని చెప్తున్న, గా మాట ఇంకో మనిషి మీద పెట్టకుండ్రి."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే కాబోలు అందరికీ వినబడింది. దుర్గయ్య ఆమె వైపు చూశాడు, తర్వాత నోళ్లు తెరుచుకొని నిలబడ్డ గొర్రెల వైపు చూశాడు. రెండు ఎండాకాలాల కింద ఆ తీర్పు చెప్పింది తనే. అంగీ విప్పి కట్ట మీద పెట్టి, రేవు దగ్గర నీళ్లలోకి దిగి డెక్క పీకడం మొదలుపెట్టాడు. మా ఆయన దుర్గయ్య పక్కనే దిగాడు, ఎవరూ కాదనలేదు. ఒకరి వెనక ఒకరు అందరూ దిగారు. నేను కొంగు బిగించి, వాళ్లు విసిరిన డెక్కను మళ్లీ నీళ్లలోకి జారకుండా కట్ట అవతలికి మోశాను. గోపమ్మ వచ్చి నా పక్కన ఇంకో మోపు ఎత్తుకుంది.

మిట్టమధ్యాహ్నానికి రేవులో మంద దిగేంత నీళ్లు బయటపడ్డాయి. సంతకు పోవాల్సిన గొర్రెలు అక్కడ వరుసగా నిలబడి కడుపునిండా తాగాయి.